అవ్వవీపు మీద గీకిన మెట్టు

మార్చి మొదటి ఆదివారం, పొద్దున తొమ్మిది దాటిన కాసేపటికి, మాల్సుక్ తన సొంత మరిది నుదురు పగలగొట్టింది. కొట్టింది నాచు కోసే కొడవలితో. రెండు నిలువుల పొడుగు కర్ర, కొసన వంకర కొడవలి. అతని అదృష్టం బాగుండి తగిలింది కర్ర వైపు. కొడవలి వైపు తగిలుంటే కథ అక్కడికక్కడే ముగిసిపోయేది. పసుపు రంగు పడవలో ఉన్న ఎనిమిది మంది యాత్రికులు ఒక్క గొంతుతో కెవ్వుమన్నారు. ఆ వెంటనే, ఏం మనుషులో ఏమో, ఎనిమిది ఫోన్లూ పైకి లేచాయి.

"ఇంకో అడుగు వెయ్యి చూద్దాం!" అంది మాల్సుక్ కర్ర మళ్ళీ ఎత్తి. "ఈసారి పళ్ళు రాల్తాయి. ఏరుకోడానికి మీ అన్న కూడా లేడు."

దల్సు నుదుటి మీద నెత్తురు అరచేత్తో తుడుచుకుని, చెయ్యి చూసుకుని, పళ్ళు పటపట కొరికాడు. నలభై ఆరేళ్ళ మగాడు, సముద్రం నడుమ, తన పడవెక్కినవాళ్ళ ఎదుట, యాభై తొమ్మిదేళ్ళ వదిన చేతిలో దెబ్బ తిన్నాడు.

"జనం ముందు కొడతావా వదినా?"

"జనం లేనప్పుడు కొడితే నీకు సిగ్గొచ్చేదా? రాలేదుగా ఇన్నాళ్ళూ!"

వీళ్ళ మధ్య పోట్లాట ఆ పొద్దున పుట్టింది కాదు. గల్మే ఊళ్ళో సముద్రపు రాళ్ళకు హక్కుదారులుంటారు. మియోక్ నాచు పెరిగేది ఆ రాళ్ళ మీదే. బాలింతకు పెట్టే మొదటి పులుసు ఆ నాచుతోనే కాస్తారు. అది తాగి పాలు పట్టని తల్లి ఆ ఒడ్డున లేదు. ఏటా చలి మొదలయ్యే ముందు సంఘం గదిలో చీట్లు తీస్తారు, ఎవరి చీటీకి ఏ రాయి వస్తే ఆ ఏడాదికి అది వాళ్ళది. మాల్సుక్‌కు తొమ్మిదేళ్ళుగా చీటీ తీసినప్పుడల్లా దరిద్రమే, పీతలు కూడా ఎక్కని గుండ్రాళ్ళు వచ్చేవి. పోయిన శరత్కాలంలో మాత్రం అవ్వవీపు వచ్చింది. ఊరికి ఎదురుగా, నడుం వంగిన ముసలమ్మలా ఉండే పెద్ద రాయి. ఆ చీటీ విప్పి చూసుకుని ఆమె అందరి ముందూ చిందులేసింది. దాని తూర్పు వైపు నాచు మనిషంత పొడుగు పెరుగుతుంది, రుచిలో దానికి సాటి లేదు.

అయితే ఆ రాయి మీద ఇంకొకడి కన్ను కూడా పడింది. జిల్లా వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో, 'మా తీరంలో చూసి తీరవలసిన ఎనిమిది అందాలు' అన్నచోట, మొదటి బొమ్మ అవ్వవీపుదే. రాతి నెత్తిన వంకర దేవదారు చెట్టు, దాని వెనక ఎర్రగా పొద్దుపొడుపు. మిగతా ఏడూ ఆ తర్వాతే: సముద్రం మీద గాజు నేల వంతెన, కొండ మీంచి కొండకు పోయే తీగబండి, తెల్ల దీపస్తంభం, ఇంకా ఏవేవో. దల్సు ఆ పుస్తకం చూసిన రోజే వలలు అమ్మేశాడు. పడవకు పసుపు రంగు పూయించి, మైకు కొని, "కుడి చేతివైపు గాజు వంతెన, గుండె జబ్బులున్నవాళ్ళు కిందికి చూడకండి, ఎడమ చేతివైపు మా అవ్వ, నమస్కారం పెట్టండి" అని అరుస్తూ తిప్పడం మొదలుపెట్టాడు. జనం విరగబడ్డారు. బూట్లతో రాయెక్కారు, పెళ్ళి ఫోటోలు దిగారు, మొలకలు తొక్కారు. అడిగితే, "నాలుగు నాచు ఆకుల కోసం ఊరు బాగుపడకుండా ఆపుతారా?" అని ఎదురు తిరిగాడు. అంతటితో ఊరుకున్నాడా? అవ్వవీపును చీట్లలోంచి తీసేసి తన పడవకు రాసివ్వమని సంఘానికి అర్జీ పెట్టాడు. వదినకు ఆ రాయి వచ్చిన వారానికే పెట్టాడు.

మాల్సుక్ కడుపు మండింది. మండదా మరి? పందొమ్మిదేళ్ళకు కోడలై వచ్చేసరికి వీడు ఆరేళ్ళ ముక్కుచీమిడి వెధవ. అత్తగారు ఆ చలికాలమే కన్నుమూసింది. వీడి ముక్కు తుడిచింది, పేలు తీసింది, బడికి తరిమింది, పక్కింటి రేగిపళ్ళు దొంగిలిస్తే వీపు చిట్లగొట్టి, రాత్రంతా ఆ వీపుకు నూనె రాసింది. కడుపున బిడ్డల్లేని ఆమెకు కొడుకైనా మరిదైనా వీడే. మొగుడు పోయాక మిగిలినవాడూ వీడే. అలాంటివాడు కడుపు మీద కొట్టబోతే ఎవరికైనా మండుతుంది.

ఇక అసలు సంగతి చీట్లు తీసిన ఆ పదో నెలలో, అక్టోబరులో, జరిగింది.

చీటీ వచ్చాక రాయిని గీకాలి. నడుం లోతు చలినీళ్ళలో నిలబడి, పొడుగు కర్ర పారలతో పాత నాచూ గుల్లలూ అంతా గోకి పారెయ్యాలి. అలా గీకిన చోటే మియోక్ విత్తు వచ్చి పట్టుకుంటుంది. పదో నెలలో రాయి గీకడమంటే చేను దున్నడమే. ఇది ఆడవాళ్ళ పని. మగవాళ్ళు పడవలో కూర్చుని సిగరెట్లు కాలుస్తారు, దల్సు అది కూడా చెయ్యకుండా, ఆ పని కంటితో చూడకుండా పెరిగాడు.

మాల్సుక్, ఏటా ఆమెకు తోడుగా పనిచేసే డెబ్బై రెండేళ్ళ యోంగ్నే ఇద్దరూ తూర్పు వైపు గీకుతుంటే, పడమటి వైపు దల్సు దిగాడు. అక్కడ నీళ్ళంచున చదునైన రాయి ఒకటి ఉంది, అతని పడవకు అదే మెట్టు. పాత నాచుకు యాత్రికుల కాళ్ళు జారుతున్నాయని, ఇనప పార పట్టుకుని రెండు రోజులు గీకాడు. కడిగిన కంచంలా చేశాడు. చేసి నడుం మీద చేతులు పెట్టుకుని, "చూశావా వదినా! మీరు వారం గీకేది రెండు రోజుల్లో గీకా. ఇక నా వాళ్ళ కాలు జారితే అడుగు!" అన్నాడు.

యోంగ్నే నోరు తెరిచింది. "ఒరేయ్ పిచ్చోడా, పదో నెల్లో గీకితే..." అనబోయింది. నీళ్ళ కింద మాల్సుక్ ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది.

"చెప్పకక్కా," అంది గొంతు తగ్గించి. "వసంతానికి వాడి మెట్టు మీద మన తూర్పు వైపు కంటే ఒత్తుగా మొలుస్తుంది. మైకు పట్టుకుని దిగుతాడు, జనం ముందు పిర్రల మీద పడతాడు. అప్పుడొస్తుంది బుద్ధి."

ఇద్దరూ నీళ్ళలో నిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. దల్సు వాళ్ళు తన పనితనం చూసి మురిసిపోతున్నారనుకుని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత అలలు రేగే నెలలు వచ్చాయి. విహార పడవలు కట్టేశారు. ఎవరూ పడమటి మెట్టు వైపు పోలేదు. నాచు మాత్రం తన పని తాను చేసుకుంది.

మార్చి మొదటి ఆదివారం ఆ ఏటికి మొదటి కోత, దల్సుకు మొదటి పడవ. ఆకాశం కడిగినట్టుంది, గాలి లేదు. ఆడవాళ్ళిద్దరూ పెందలాడే వెళ్ళి కోత మొదలుపెట్టారు. వలబుట్ట నిండుతుండగా మైకు వినబడింది: "ఇదిగో మన అవ్వ! దిగి వీపెక్కండి, ఏమీ అనదు!" అవ్వ అనకపోతే మాల్సుక్ అనదా? వలబుట్ట భుజాన వేసుకుని, కొడవలి కర్ర పుచ్చుకుని రాతి నడుం మీంచి పడమటి వైపుకు వచ్చి నిలబడింది. వెనకే తన కొడవలీ ఒక నాచు కట్టా పట్టుకుని యోంగ్నే వచ్చింది.

దల్సు ముందుగా దూకి, పడవ ముక్కు తాడు రాతికున్న ఇనప కడియానికి కట్టాడు. కట్టడంలోనే కాలు జారి మోకాలి మీద పడ్డాడు. చూస్తే మెట్టంతా ఒత్తుగా, గోధుమరంగులో, తడి పట్టులా నాచు.

"నా మెట్టు! నేను గీకిన మెట్టు!" అని అరిచాడు. "నువ్వే నాటావు వదినా! నా మీద కక్షతో నాచు నాటావు!"

యోంగ్నే పొట్ట పట్టుకుని నవ్వింది. "నాటిందిట! వరి అనుకున్నాడు వీడు!"

అప్పుడైనా చెప్పొచ్చు కదా. మాల్సుక్ నోటిదాకా వచ్చింది కూడా. కానీ దల్సు లేచి వచ్చి ఆమె వలబుట్ట పట్టుకుని గుంజాడు, తొమ్మిదేళ్ళకు దక్కిన నాచంతా ఎత్తి సముద్రంలోకి విసిరాడు. ఆమె కర్ర ఎత్తి కొట్టింది. అలా పగిలింది ఆ నుదురు.

మళ్ళీ రావద్దంటే దల్సు వచ్చాడు. కర్ర పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు, అతని మణికట్టు మీద పళ్ళు దింపింది. అతను అబ్బా అని రెండో చేత్తో చెంప ఛెళ్ళుమనిపించాడు. పుట్టి బుద్ధెరిగాక వదిన మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది, ఇద్దరూ ఆగిపోయారు. ఆగనిది యోంగ్నే. చేతిలో ఉన్న తడి నాచు కట్టతో అతని మొహం మీద ఒకటి, మెడ మీద ఒకటి బాదింది. "తల్లి లాంటి దాన్ని కొడతావురా? చెయ్యి కుళ్ళిపోను! నీకు పెట్టిన కూడు మట్టైపోను!"

పడవలో ఒకమ్మాయి తెల్ల పెళ్ళిగౌనులో ఉంది. పక్కన నల్ల సూటులో ఆమెకు కాబోయేవాడు. ఫోటో తీసేవాడు పొద్దుటి మెత్తటి వెలుగు పోతోందని గోల పెడుతున్నాడు. "వాళ్ళ ఇంటి గొడవ వాళ్ళది, మనం పక్కనుంచి ఎక్కేద్దాం," అని ఆ కుర్రాడు పడవ అంచు మీద కాలు పెట్టాడు.

మాల్సుక్ చెంప పట్టుకుని పక్కకు తిరిగింది. అప్పుడు చూసింది. గాలి లేదు, ఆకాశం నీలంగానే ఉంది, కానీ నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఏనాడూ బయటపడని అవ్వవీపు అడుగు, గుల్లలూ నల్లరాయీ, మోకాలి ఎత్తున బయటపడింది. ఎక్కడో దూరాన తుపాను పంపిన అల అది. ఆ ఒడ్డున మగవాళ్ళు పోయేది గాలివానలో కాదు, ఇలాంటి ఎండలోనే.

"దిగకండి! నీళ్ళు లాగుతున్నాయి! దల్సూ, పైకి రా!"

కుర్రాడు అప్పటికే దూకాడు. మెరిసే నల్ల బూట్లు నాచు మీద ఆనాయి, ఆనిన క్షణంలోనే గాలిలోకి లేచాయి. వెల్లకిలా పడి, మెట్టు మీంచి జారి, పడవకూ రాయికీ మధ్య నీళ్ళలోకి పోయాడు. గౌనులో పిల్ల పేరు పెట్టి అరిచింది.

దల్సు ఆలోచించలేదు. బోర్లా పడుకుని, ఒక చెయ్యి కడియంలో దూర్చి, రెండో చేత్తో ఆ కుర్రాడి కాలరు దొరకబుచ్చుకున్నాడు. లేచొచ్చిన నీళ్ళతోనే వాణ్ణి గుంజి పైరాతి మీదికి విసిరాడు. కుర్రాడు మోచేతి మీద పడ్డాడు, ఎముక విరిగింది, కానీ బతికాడు. ఆ ఊపులో దల్సు చెయ్యి కడియంలోంచి ఊడిపోయింది. లేవబోయాడు. కాలు ఆనలేదు. రెండోసారి లేవబోయాడు, అదే నాచు మీద మళ్ళీ జారాడు, ఎడమ కాలు మెట్టు కిందికి వేలాడింది.

అల పడవను ఎత్తింది. తాడుకు కట్టేసి ఉన్న పడవ ఎక్కడికి పోతుంది? ఎత్తి, తిప్పి, తెచ్చి రాతికేసి కొట్టింది. ఆ రెండింటి మధ్యన దల్సు కాలుంది. చెరకు గడ మోకాలికేసి విరిచినట్టు చప్పుడైంది. పడవ వెనక్కి పోయి మళ్ళీ వచ్చి అక్కడే కొట్టింది.

"తాడు కొయ్యక్కా! తాడు కొయ్యి!" అని మాల్సుక్ అరిచింది. యోంగ్నే కొడవలి ఒక్క దెబ్బకు తాడు తెంపింది. పడవ ఏడ్చే జనంతో సహా దూరంగా కొట్టుకుపోయింది. తర్వాత వేరే పడవవాళ్ళు వచ్చి దాన్ని లాక్కుపోయారు. ఇక్కడ రెండో అల దల్సును మెట్టు మీంచి ఊడ్చేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. నాచు ఆకుల మధ్య అతని తల ఒకసారి తేలింది, మునిగింది.

మాల్సుక్ చేతిలో ఉన్నది ఆ కర్ర ఒక్కటే. తిప్పి మొద్దు కొస అందిద్దామంటే పట్టుకునే స్పృహ అతనికి లేదు. మూడో అల వస్తోంది, అది వస్తే అతన్ని రాయి కిందికి తోసేస్తుంది. కొడవలి వైపే దింపింది. అతని భుజం దాటించి, చంక కిందికి పోనిచ్చి, లాగింది. చొక్కాకు పడుతుందనుకుంది. చొక్కా చిరిగి కండలో దిగింది. కర్రలోంచి ఆ దిగబడడం ఆమె చేతులకు తెలిసింది. "ఓరి నాయనో, నా బిడ్డో!" అని ఏడుస్తూనే ఇంకా గట్టిగా లాగింది. యోంగ్నే వెనకనుంచి ఆమె నడుం పట్టుకుని గుల్లల మీద మడమలు తన్నిపెట్టింది. దల్సు నొప్పికి స్పృహ వచ్చి గావుకేక పెట్టాడు. ఆ కేక విని మాల్సుక్‌కు ప్రాణం లేచొచ్చింది. అరిచేవాడు బతికే ఉన్నాడు. నాచు మీద వాళ్ళ కాళ్ళూ జారాయి, పడ్డారు, పడి కూడా లాగారు. మూడో అల వచ్చేసరికి ముగ్గురూ పైరాతి మీద ఉన్నారు. ఎడమ కాలు మోకాలి కింద ఎటు తిరిగి ఉందో చూసి యోంగ్నే కళ్ళు మూసుకుంది. మాల్సుక్ తలగుడ్డ విప్పి తొడకు బిగించి కట్టి, పడవ వచ్చేదాకా ఆ ముడి మీద మోకాలు ఆనించి కూర్చుంది.

మూడు రోజులకు, పట్నం ఆసుపత్రిలో, దల్సు మంచం దగ్గరికి ఒక పోలీసు కుర్రాడు వచ్చాడు. కాలు మోకాలి కింద తీసేశారు. భుజానికి ఇరవై ఆరు కుట్లు. మాల్సుక్ పక్కనే గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది, మూడు రోజులుగా అదే బట్ట.

పోలీసు ఇబ్బందిగా దగ్గాడు. "బామ్మా, వీడియో దేశమంతా చూసింది. కర్రతో ఒకసారి, కొడవలితో ఇంకోసారి మీరు ఈయన్ని కొట్టినట్టు ఉంది. ఈయన ఫిర్యాదు ఇస్తే..."

"కళ్ళున్నాయా నీకు?" అన్నాడు దల్సు నీరసంగా. "రెండోది కొట్టడం కాదు, లాగడం. ఆ కొడవలి లేకపోతే నేను చేపల కడుపులో ఉండేవాణ్ణి. మొదటిది మా ఇంటి సంగతి. ఆరేళ్ళప్పట్నించీ తింటున్నా. నేనూ కొట్టాను, అది కూడా రాసుకో. తల్లిని కొట్టిన చెయ్యి నాది. పో."

పోలీసు రాసుకుని వెళ్ళిపోయాడు. దల్సు ఆమె వైపు తల తిప్పి, "గంజి పట్టు వదినా, ఆకలేస్తోంది," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. సంగతి తెలిసింది యోంగ్నేకి ఒక్కదానికే, ఆ ముసలిది చచ్చినా చెప్పదు. కానీ దేశమంతా తనను కొట్టిందంటున్న మనిషి వైపు నిలబడి తల్లి అన్నాడు వీడు. మాల్సుక్ గంజి చెంచా గిన్నెలో పెట్టేసింది.

"నేను నాటలేదురా," అంది.

"తెలుసులే. కోపంలో అన్నా. నాచు ఎవడైనా నాటుతాడా?"

"నువ్వు గీకావు కాబట్టి మొలిచింది. పదో నెల్లో ఎక్కడ గీకితే అక్కడే మొలుస్తుంది. ఎంత నున్నగా గీకితే అంత ఒత్తుగా." గిన్నెలోకి చూస్తూ చెప్పింది. "ఆ రోజే తెలుసు నాకు. యోంగ్నే అక్క చెప్పబోతే నేనే ఆపాను. నువ్వు జనం ముందు పడితే చూసి నవ్వుకుందామని."

దల్సు బాగున్న చెయ్యి విసురుగా తిప్పి కొట్టాడు. గిన్నె ఎగిరి ఆమె రొమ్ముకు తగిలి, వేడి గంజి ఒళ్ళంతా చింది, గిన్నె నేల మీద గిరగిరా తిరిగింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆమె తుడుచుకోలేదు. భుజం కుట్లు పట్టేసి అతని మొహం నల్లబడింది.

"నలభై ఏళ్ళు," అన్నాడు. "నలభై ఏళ్ళలో నోరు మూసుకున్న రోజుందా నీకు? అన్నం తినకపోతే తిట్టావు, ఎక్కువ తింటే తిట్టావు. పెళ్ళి చేసుకోలేదని తిట్టావు, చేసుకుని అది పోతే, పోనిచ్చావని తిట్టావు. పడవకు పసుపు రంగేస్తే కూడా తిట్టావు. ఆ ఒక్కరోజు... ఆ ఒక్కరోజు ఒరేయ్ మొద్దూ, గీకకురా అని తిట్టడానికి నోరు రాలేదా వదినా?"

ఆమె వంగి నేల మీది గిన్నె తీసి పక్కన పెట్టింది.

"తిట్టు," అన్నాడు కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే. "ఇప్పుడు తిట్టు!"

మాల్సుక్ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గాని ఒక్క మాటా రాలేదు. గంజి కారుతున్న చేతులతో, దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉన్న గుడ్డను పట్టుకుని కూర్చుండిపోయింది.